మూడు మంచి విషయాలు రాయమంటే పేజీ ఖాళీగా ఉంది

బుడ్డలపొడి | అనంతపురం | రాత్రి 1:52

పాప ఒళ్ళో ఉంది. ఒక చేత్తో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

నాకు ఇద్దరు పిల్లలు. బాబుకి మూడున్నరేళ్ళు, పాపకి మొన్ననే ఐదు నెలలు నిండాయి. మా ఆయనకి బెంగళూరులో ఉద్యోగం. శుక్రవారం రాత్రి బస్సెక్కి వస్తారు, ఆదివారం రాత్రి వెళ్ళిపోతారు. మా వీధికి రెండు రోజులకోసారి తెల్లవారుజామున కొళాయి వస్తుంది. నాలుగింటికి అంటారు గానీ ఒక్కోసారి మూడున్నరకే వచ్చేస్తుంది. ఈ రోజు నీళ్ల రోజు. అందుకే పాప పడుకున్నా నేను పడుకోను. పడుకున్నానంటే లేవలేను.

పోయిన వారం ఒక వీడియో చూశా. రోజూ పడుకునే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు రాసుకుంటే మనసు తేలికపడుతుందట. పనిగట్టుకుని నోటుబుక్కు తెప్పించుకున్నా. మొదటి రోజు తారీఖు వేశా, కింద ఏమీ తోచలేదు. రెండో రోజు అదే పేజీ మీద బాబు నీలం క్రేయాన్‌తో లారీ గీశాడు. అది లారీ అని వాడు చెప్తేనే తెలిసింది.

నిన్న మధ్యాహ్నం మా అత్తగారి తరఫు పెద్దావిడ ఒకరు చెప్పాపెట్టకుండా వచ్చారు. హాల్లో మడతపెట్టని బట్టల కుప్ప, నేలంతా బొరుగులు, సోఫా మీద పాప కక్కిన గుడ్డ, నేనేమో ముందురోజు నైటీలో. కూర్చోడానికి చోటు వెతుక్కుంటూ "ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు" అని నవ్వారావిడ. నేనూ నవ్వాను. ఆమె వెళ్ళాక బాత్రూమ్‌లో కొళాయి తిప్పుకుని ఏడుద్దామనుకున్నా. నీళ్లు దండగ అని ఊరికే ఏడ్చా.

ఉపన్యాసాలు వద్దు, ప్లీజ్. ఇలాంటి రోజుల్లో, సరిగ్గా ఆ రోజే, మీకు "పర్లేదులే, ఇది బాగుంది" అనిపించింది ఏదైనా ఉందా? ఎంత చిన్నదైనా సరే, చెప్పండి.

గవ్వలదండ | ప్రొద్దుటూరు | రాత్రి 2:06

నేనూ మేలుకునే ఉన్నా. మావాడికి పళ్ళొస్తున్నాయి, నా భుజం కొరుక్కుని ఇప్పుడే పడుకున్నాడు. మూడు మంచి విషయాలు నా దగ్గరా లేవు. ఒకటుంది. ఈ వేళప్పుడు మేలుకున్నది నేనొక్కదాన్నే కాదని ఇప్పుడే తెలిసింది.

తులసికోట | కడప | ఉదయం 6:10

శుభోదయం చెల్లెమ్మా. మనసు చిన్నబుచ్చుకోకు. పిల్లల కోసం గుళ్ళ చుట్టూ, ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నవాళ్ళు ఎంతమంది లేరు? వాళ్ళని ఒక్కసారి తలుచుకో, నీ కష్టం కష్టంగా అనిపించదు. మా రోజుల్లో డైపర్లు లేవు, వాషింగ్ మెషిన్లు లేవు. అయినా ముగ్గుర్ని పెంచాం. నవ్వుతూ పెంచాం. దేవుడిచ్చిన వరాన్ని వరంగానే చూడాలి.

నాపబండ | బేతంచర్ల | ఉదయం 9:35

తులసికోట గారూ, మీరు తలుచుకోమన్న ఆ మనుషుల్లో నేనొకదాన్ని. పెళ్లయి పదకొండేళ్ళు. ఆస్పత్రులు అయ్యాయి, మొక్కులూ అయ్యాయి. "గొడ్డుకేం తెలుసు బిడ్డ ముద్దు" అనే సామెత నా ఎదురుగానే అన్నవాళ్ళున్నారు.

అందుకని ఒక మాట చెప్పనివ్వండి. ఇంకో ఆడమనిషి అలసిపోయి ఏడుస్తుంటే ఆమె నోరు మూయించడానికి నన్ను వాడకండి. నా బాధ ఆమెకి మందు కాదు. మా చెల్లెలికి కవలలు పుట్టినప్పుడు నలభై రోజులు నేనే పక్కన ఉన్నా. రాత్రి మూడింటికి ఇద్దరూ ఒకేసారి ఏడుస్తుంటే అది "ఎందుకు కన్నానే అక్కా వీళ్ళని" అంది. ఆ మాట నాతో అంది, చూడండి. నాతో అనగలిగింది. నాకు కోపం రాలేదు. ఒకదాన్ని ఎత్తుకుని మిద్దె మీదికి వెళ్ళిపోయా. తెల్లారి చెల్లెలికి ఆ మాట గుర్తు కూడా లేదు.

బుడ్డలపొడీ, మీరడిగిన దానికి నా సమాధానం. ఆ పిల్ల నా భుజం మీద తేన్చింది. ఆ రాత్రికి అదే.

మైదుకూరు అన్న | కడప జిల్లా | ఉదయం 10:20

ఇక్కడ మగవాళ్ళు రాయొచ్చో లేదో తెలియదు. తప్పయితే తీసేయండి.

మా ఇంటావిడ డీఎస్సీకి చదువుతోంది. పోయిన నెలలో మూడు రోజులు మా పాపని నా దగ్గర వదిలి పుట్టింటికి వెళ్ళి చదువుకుంది. పాపకి రెండేళ్ళు. దుకాణానికి సెలవు పెట్టాను. మొదటిరోజు పొద్దున్నే లిస్టు రాసుకున్నా: స్నానం, టిఫిను, ఆట, నిద్ర, అన్నం. ఖాళీ సమయంలో దుకాణం లెక్కలు చూసుకుందామని పుస్తకం కూడా తెచ్చిపెట్టుకున్నా.

ఆ పుస్తకం మూడు రోజులూ తెరవలేదు. అన్నం తినిపించడానికి గంటా పది నిమిషాలు, అందులో కడుపులోకి వెళ్ళింది నాలుగు ముద్దలు. మిగతాది బండల మీద. తుడిచి లేస్తే మళ్ళీ నీళ్లు ఒలికించింది. బాత్రూమ్‌కి వెళ్తే తలుపు బయట కూర్చుని "నాన్నా నాన్నా" అని తలుపు బాదుతుంది. కాఫీ రోజుకి మూడుసార్లు వేడి చేశా, ఒక్కసారీ వేడిగా తాగలేదు.

ఇంతకుముందు సాయంత్రం ఇంటికి రాగానే "పొద్దుట్నుంచి ఏం చేశావ్?" అని అడిగేవాణ్ణి. తిట్టినట్టు కాదు, మామూలుగానే. మూడో రోజు సాయంత్రం మా అమ్మ ఫోన్ చేసి అదే మాట అడిగింది, "ఏం చేసినావ్‌రా దినమంతా?" అని. ఏం చెప్పాలో తెలియలేదు. పొద్దుట్నుంచీ చేస్తూనే ఉన్నా, చూపించడానికి ఏమీ లేదు.

గవ్వలదండ | ప్రొద్దుటూరు | ఉదయం 10:41

అన్నా, మూడు రోజులకే ఇంత పెద్ద పోస్టు పెట్టారు! మేమైతే సర్వర్ నిండిపోతుంది 😄

సరదాకి అన్నా. రాసినందుకు సంతోషం. మా ఆయనకి పంపించా, "చదివా" అని మూడక్షరాల జవాబొచ్చింది.

వేపచెట్టు | ఆదోని | మధ్యాహ్నం 1:15

నేను నర్సుని. ప్రసూతి వార్డులో పద్నాలుగేళ్ళు చేశా. బుడ్డలపొడి గారి పోస్టు రెండుసార్లు చదివాను. కృతజ్ఞత సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఒంటి సంగతి.

కాన్పయిన మొదటి పది, పదిహేను రోజుల్లో ఊరికే ఏడుపు రావడం, చిరాకు చాలామందికి ఉంటుంది. దానంతటదే పోతుంది. రెండు వారాలు దాటాక కూడా రోజులో ఎక్కువసేపు దిగులు, దేని మీదా మనసు లేకపోవడం, పాప పడుకున్నా నిద్ర పట్టకపోవడం, "నేను లేకపోతేనే వీళ్ళకి మేలు" లాంటి ఆలోచనలు ఉంటే అది బద్ధకమూ కాదు, కృతజ్ఞత లేకపోవడమూ కాదు. జబ్బు. నయమవుతుంది. కాన్పు తర్వాత మొదటి ఏడాదిలో ఎప్పుడైనా మొదలవ్వచ్చు. టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత ఫోన్ లైను ఉంది, నంబరు 14416. రాత్రిపూట కూడా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చనిపోవాలనో, పిల్లలకి ఏమైనా చెయ్యాలనో ఆలోచన వస్తే మాత్రం రేపటి దాకా ఆగొద్దు. ఇంట్లో ఎవర్నైనా లేపండి, ఆస్పత్రికి వెళ్ళండి.

ఇంకొకటి. చాలామంది మర్చిపోతారు. కాన్పయ్యాక 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలి. ఇంటికి వెళ్ళాక పాపకి టీకాలు గుర్తుంటాయి, తల్లికి మాత్రలు గుర్తుండవు. రక్తం తక్కువుంటే మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం, ఊరికే కోపం. థైరాయిడ్ కూడా కొంతమందికి కాన్పు తర్వాతే తేడా చేస్తుంది. రెండూ చిన్న రక్తపరీక్షలో తెలుస్తాయి. రక్తం ఎనిమిదో తొమ్మిదో ఉన్న మనిషిని కూర్చోబెట్టి మూడు మంచి విషయాలు రాయమంటే ఏం రాస్తుంది?

పాపకి ఆరు నెలలు నిండబోతున్నాయి కాబట్టి ఇదీ చెప్పేస్తా: నిండేదాకా తల్లిపాలే. తర్వాత ఉగ్గు మొదలుపెట్టండి. ఏడాది లోపు తేనె నాకించొద్దు, ఎవరు చెప్పినా.

బుడ్డలపొడి | అనంతపురం | మధ్యాహ్నం 3:30

వేపచెట్టు అక్కా, ఐరన్ మాత్రలు... రెండో నెలలోనే ఆపేశా. మలబద్ధకం అవుతోందని. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మెట్లెక్కితే ఆయాసం నిజమే. పాపని ఎత్తుకోవడం వల్ల అనుకున్నా.

"నేను లేకపోతే" అనే ఆలోచన లేదు. కానీ రెండుసార్లు బస్టాండుకి వెళ్ళి ఏ బస్సయినా ఎక్కేద్దామనిపించింది. ఎక్కడికో కూడా తెలియదు. తాడిపత్రి దాకా వెళ్ళి పడుకుని రావాలని. అంతే.

నాపబండ గారూ, మీ పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయా.

వేపచెట్టు | ఆదోని | మధ్యాహ్నం 3:52

మాత్ర మార్చమని అడగండి, రకాలుంటాయి. అన్నం తిన్నాక వేసుకుంటే కొంత సర్దుకుంటుంది. టీ, కాఫీలతో కలిపి మాత్రం వద్దు. రేపే పరీక్ష చేయించుకోండి, సోమవారం దాకా ఆగకండి.

తాడిపత్రి బస్సు గురించి నవ్వను. చాలామంది చెప్పారు నాతో. ఒకామె గుంతకల్లు అంది.

పడుగుపేక | ధర్మవరం | రాత్రి 9:48

మాది మగ్గం ఇల్లు. మా ఆయన పోయి రెండేళ్ళు. నేనూ మా మరిదీ నేస్తాం. పాపకి నాలుగేళ్ళు. అంగన్‌వాడీ నుంచి మధ్యాహ్నానికి వచ్చేస్తుంది, అప్పట్నుంచి మగ్గం పక్కనే.

మొన్న దసరాకి ముందు అందవలసిన చీర ఒకటి మగ్గం మీద ఉంది. ఎర్ర చీర, జరీ అంచు. నేను కూర వండడానికి లేచి వెళ్ళి, పది నిమిషాల్లో వచ్చా. వచ్చేసరికి కండెలన్నీ నేల మీద ఉన్నాయి. పట్టు దారం చిక్కుపడి పావురం గూడులా ఉంది. పడుగులో, అంటే మగ్గం మీది నిలువు దారాల్లో కూడా పోగులు తెగాయి. పోగు తెగితే ఒక్కొక్కటీ వెతికి ముడేసి అతకాలి. పట్టు పోగు ఎంత సన్నమో తెలుసు కదా. ఆ రోజు పని మొత్తం పోయింది. కూలి పోయింది. షావుకారు మాట పడాలి.

కొట్టాను. ఇక్కడ అబద్ధం చెప్పడం ఎందుకు. వీపు మీద రెండు దెబ్బలు. అది ఏడవకుండా గోడవైపు తిరిగి కూర్చుంది. ఏడ్చినా బాగుండేది.

రాత్రి పోగులు అతుకుతుంటే గోడ మూల చీపురుపుల్ల ఒకటి కనపడింది. దానికి ఎర్ర పట్టు చుట్టి ఉంది, కింద కుచ్చిళ్ళలా. "ఏందే ఇది?" అని అడిగా. "పాపకి పెండ్లి. నువ్వు అందరి పాపలకీ నేస్తావు గదా, నా పాపకి ఎవురు నేస్తారు" అంది.

అప్పటికి కూడా పోగులు సగమే అతికాను. ఇంకా మూడు గంటల పని ఉంది, కోపమూ పోలేదు. ఆ రెండూ ఉండగానే ఇంకేదో కూడా వచ్చింది. దాని పేరు మీరు అడిగిన మాటే అయ్యుంటుంది, నాకు తెలియదు. చీపురుపుల్లని మగ్గం మీద దేవుడి పటం పక్కన పెట్టాను.

గవ్వలదండ | ప్రొద్దుటూరు | రాత్రి 9:57

అక్కా... ఇంకేం రాయలేను.

హంద్రీఒడ్డు | కర్నూలు | రాత్రి 11:20

నా కొడుకు ఇంటర్ చదువుతున్నాడు ఇప్పుడు. వాడు నాలుగు నెలల పిల్లాడప్పుడు 2009 వరద వచ్చింది. అక్టోబర్ 2, గాంధీ జయంతి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చేశాయి. మా ఇల్లు పాతబస్తీలో, పల్లంలో. ముందు గడప దగ్గర తడి కనిపించింది. కట్టుబట్టలతో, పిల్లాడితో, ఒక పాలడబ్బాతో పక్కవాళ్ళ మిద్దె ఎక్కాం. రెండు రాత్రులు అక్కడే. మొత్తం ఇరవైమందికి పైగా ఉన్నాం. వాడికి విరేచనాలు. చుట్టూ సముద్రంలా నీళ్లు, తాగడానికి చుక్క లేదు.

ఎదురు మిద్దె మీద ఒక ముస్లిం కుటుంబం ఉండేది. పరిచయం లేదు. ఆ ఇంటి అవ్వ వాళ్ళకున్న కొద్దిపాటి నీళ్లు మరగబెట్టి, క్యానులో పోసి తాడుతో మా వైపు వేయించింది. చిటికెడు ఉప్పు, చక్కెర పొట్లం కూడా. "బచ్చే కో పహ్లే" అని అరిచింది, ముందు పిల్లాడికి అని. మాకు ఇప్పటికీ ఇంట్లో ఆ మాట ఒక సామెత. బిర్యానీ వడ్డించేటప్పుడు కూడా మావాడు గిన్నె ముందుకు తోసి అదే అంటాడు.

నీళ్లు తీశాక ఇంట్లో మోకాలెత్తు బురద. పెళ్ళి ఆల్బమ్, వాడి మొదటి ఫోటోలు అన్నీ అందులోనే పోయాయి. వాడి చిన్నప్పటి ఫోటో ఒక్కటే మిగిలింది, మా అన్నయ్య పర్సులో ఉన్నది.

చెల్లీ, ఇది నీ కష్టం చిన్నదని చెప్పడానికి రాయలేదు. నాకు కూడా వరద తర్వాత రెండేళ్ళకి చిన్నది పుట్టినప్పుడు, ఇల్లు పొడిగా, కుండ నిండా నీళ్లతో ఉన్నా, రోజూ ఏడ్చేదాన్ని. వరద చూసినదాన్ని కదా, దీనికి ఏడుస్తానేమిటి అని నన్ను నేను తిట్టుకునేదాన్ని. అలా పోల్చుకోవడం వల్ల ఒక్కరోజు కూడా మేలు జరగలేదు. అదే చెప్దామని.

తులసికోట | కడప | మరుసటి రోజు ఉదయం 6:25

నాపబండ గారు రాసింది నిన్నంతా మనసులో తిరిగింది. మీ పేరు చెప్పి ఇంకొకరిని గద్దించాను, క్షమించండి.

నవ్వుతూ పెంచాం అని రాశాను. అది నిజం కాదు. రెండోవాడు పుట్టినప్పుడు నాకు ఇరవై ఒకటి. మా అత్తగారు బాలింత పథ్యం పేరుతో కారం, వెల్లుల్లి, అన్నం తప్ప ఏమీ పెట్టేవారు కాదు. దాహం వేస్తే కూడా నీళ్లు కొలిచి ఇచ్చేవారు. ఏడిస్తే "పిల్లల్లేనోళ్ళని చూడు" అనేవారు. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నానో ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది.

బుడ్డలపొడీ, మా అమ్మాయి అనంతపురంలోనే ఉంటుంది, సప్తగిరి సర్కిల్ దగ్గర. వీలైతే నాకు మెసేజ్ పెట్టు. నేను వచ్చినప్పుడు చేతులకి పని ఇవ్వు, నోటికి కాదు.

గురువింద | కడప | ఉదయం 8:40

పాతికేళ్ళు తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఒక మాట గురించి చెప్పాలని ఉంది, పాఠంలా ఉంటే భరించండి.

కృతజ్ఞత అని మన ఇళ్ళల్లో ఎవరూ అనరు. సన్మాన సభల్లో అంటారు. ఇంట్లో మనం అనేది "నీ పుణ్యమా అని", "నీ కడుపు చల్లగుండ", "నీ రుణం తీర్చుకోలేను". కానీ ఆ సంస్కృతం మాటని విడగొట్టి చూడండి. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే తెలిసినవాడు. చేసినదాన్ని ఎరిగి ఉండటం, అంతే దాని అర్థం. దానికి ఎదురుమాట కృతఘ్నుడు. ఘ్న అంటే చంపేది. చేసినదాన్ని చంపేవాడు కృతఘ్నుడు.

మరి ఆ ఇంట్లో చేసినది ఎవరు? రోజుకి ఎనిమిది సార్లు పాలిచ్చింది, మూడున్నరకి లేచి బిందెలు పట్టింది ఎవరు? దాన్ని ఎరిగి ఉండవలసింది ఎవరు? మైదుకూరు తమ్ముడు మూడు రోజులు పాపని చూసుకుని తెలుసుకున్నాడు, మాట అర్థం ప్రకారం అతనే కృతజ్ఞుడు. హాలు చూసి సామెత చెప్పిన పెద్దావిడని ఏమనాలో నేను చెప్పను, పెద్దలు కదా.

మీ నోటుబుక్కులో ప్రశ్న తిరగబడి ఉంది, అందుకే సమాధానం రావడం లేదేమో. నాకు దొరికిన మంచి ఏమిటని కాకుండా, ఈ రోజు నేను చేసినవి ఏమిటని రాసి చూడండి. మూడు చాలవు, పేజీ సరిపోదు. మిగతావి వాటి వెనకాల వస్తే వస్తాయి.

మైదుకూరు అన్న | కడప జిల్లా | ఉదయం 9:02

టీచరమ్మా, సర్టిఫికెట్టు లామినేషన్ చేయించుకుంటా. ఇంటావిడకి చూపించా. "మూడు రోజులకా?" అంది.

జేజిమనవరాలు | తాడిపత్రి | మధ్యాహ్నం 2:10

ఈ పోస్టులన్నీ మా జేజికి చదివి వినిపించా. ఆమెకి ఎనభై దాటాయి, ఐదుగురు పిల్లలు. బుడ్డల (వేరుశనగ) చేనులో కలుపు తీస్తూ, చింతచెట్టు కొమ్మకి చీర ఉయ్యాల కట్టి పెంచింది. రాసుకోవడం గురించి అడిగితే "రాసేకి మాకు చదువేడిది? బుడ్డలు వలిచి వలిచి వేలిముద్ర గూడా అరిగిపాయ" అంది.

తర్వాత కాసేపు ఊరుకుని చెప్పింది. మా నాన్న మూడు నెలల పిల్లాడప్పుడు ఆమెకి విపరీతమైన జ్వరం వచ్చిందట. పాలు ఎండిపోయాయి. డబ్బా పాలు కొనే స్తోమత లేదు. ఆమె తోడికోడలికి కూడా అప్పుడు చంటిపిల్ల. ఇద్దరి మధ్యా అంతకుముందు రెండేళ్ళుగా మాటల్లేవు, పొయ్యిలు వేరు. ఆ తోడికోడలు వచ్చి, ఒక్కమాట మాట్లాడకుండా, పిల్లాడిని ఎత్తుకెళ్ళి తన పిల్లతో పాటు పాలిచ్చి తెచ్చి పడుకోబెట్టేదట. తొమ్మిది రోజులు. జ్వరం తగ్గాక మళ్ళీ మాటల్లేవు!

"తర్వాత కలిసిపోయారా జేజీ?" అంటే "ఏడ కలుస్తాం, గట్టు తగాదా గదా" అంది. కానీ ఆయమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటినా, ఉగాదికి ఓళిగలు చేస్తే మొదటి వాయి ఆ ఇంటికి వెళ్ళాల్సిందే. మాకెందుకో తెలియక విసుక్కునేవాళ్ళం. కారణం నిన్ననే తెలిసింది నాకు. మా నాన్నకి కూడా నిన్ననే తెలిసింది.

నాపబండ | బేతంచర్ల | మధ్యాహ్నం 2:44

గట్టు తగాదా అలాగే ఉంచి ఓళిగలు పంపడం! మీ జేజికి నా దండాలు చెప్పండి.

తులసికోట గారూ, క్షమాపణలు అక్కర్లేదు. మీకు నీళ్లు కొలిచి ఇచ్చారన్న మాట చదివాక నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

బుడ్డలపొడి | అనంతపురం | నాలుగు రోజుల తర్వాత, రాత్రి 3:12

మళ్ళీ నీళ్ల రోజు. అందుకే ఈ టైములో.

రక్తం 8.6 ఉంది. డాక్టరమ్మ వేరే మాత్ర రాశారు. థైరాయిడ్ బాగానే ఉంది. రిపోర్టు ఫోటో తీసి ఆయనకి పంపి, కింద తాడిపత్రి బస్సు సంగతి కూడా రాశా. ఫోన్లో చెప్పలేకపోయా, రాయగలిగా. అర్ధరాత్రి ఫోన్ చేశారు. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఈ వారం నుంచి గురువారం రాత్రే వస్తారట, శుక్రవారం ఇంటి నుంచి పని. వారంలో ఒక్కరోజు ఎక్కువ, అంతే. ఏదో మారిపోయిందని చెప్పను. శుక్రవారం మీటింగులో ఉంటూనే "బాబు సబ్బు తింటున్నాడు" అని అరుస్తారని నాకు తెలుసు.

తులసికోట గారు నిజంగానే వచ్చారు. బట్టలు మడతపెట్టారు. బాబు లాగు, పాప గౌను కలిపి మడిచేశారు, ఏం పర్లేదు. రెండు గంటలు పడుకున్నా. లేచేసరికి అలసందల పులుసు వాసన.

గురువింద టీచర్ గారు చెప్పినట్టు రాశా. లారీ బొమ్మ పక్కన ఖాళీలో మొదలుపెడితే వెనక పేజీకి వెళ్ళింది. పాలు తొమ్మిదిసార్లు. బిందెలు పదకొండు, రెండు డ్రమ్ములు. సంగటి ఒకసారి, ఉగ్గాని ఒకసారి. బాబుకి కథ ఒకటి, అదే కథ మళ్ళీ మూడుసార్లు. కసురుకోవడం కూడా రాశా, నాలుగుసార్లు. చేసినదే కదా. చివరి లైను మాత్రం నేను చేసింది కాదు. మొన్న నీళ్ల రోజు నేను కూర్చునే నిద్రపోయా. కొళాయి శబ్దం బాబు విన్నాడు. ఆడుకునే ప్లాస్టిక్ గ్లాసు పట్టుకెళ్ళి, పట్టి, సగం ఒలకబోసుకుంటూ వచ్చి నా చెంపకి ఆనించాడు, "అమ్మా, లేయ్, వచ్చినాయ్" అని. నైటీ తడిసింది. చలి వేసింది. తిట్టబోయి ఆగా.

వేపచెట్టు అక్కా, ఉగ్గుకి బియ్యం, పెసరపప్పు వేయించి పొడి కొట్టా. ఇంకో మూడు వారాల్లో మొదలుపెడతా, కొలత చెప్పండి.

పడుగుపేక అక్కా, ఒకటి అడగాలి. ఆ చీపురుపుల్ల పాపకి జాకెట్టు ఏం రంగు?

సరే, కొళాయిలో గాలి శబ్దం మొదలైంది. వెళ్తున్నా.

పడుగుపేక | ధర్మవరం | ఉదయం 5:30

ఆకుపచ్చ. అది కూడా నా కండెలోదే.